వీలునామా చదివారా?

“ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు” అన్నారు మన పెద్దలు. ఈ రెండింటి కష్టసుఖాలు తెలిసినవారికి మేము మూడవదొకటి చెప్పదలచుకున్నాము: కోల్‌కతాలో వీలునామా ఇల్లు కొని చూడు. కొనబోయి ఆగిపోయిన మా అనుభవం సహోద్యోగులకు, వారి కుటుంబాలకు ఏ కొంచెమైనా ఉపయోగపడుతుందనే ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. ఈ వ్యాసంలో ‘మేము’ అంటే మా దంపతులం ఇద్దరమూ. డబ్బు ఇద్దరిదీ, పొరపాటూ ఇద్దరిదే.

సంస్థ క్వార్టర్లలో జీవితం గడిపే మనవంటి వారికి ఇంటిని గురించిన చింత ఆలస్యంగా మొదలవుతుంది. గోడకు సున్నం సంస్థదే, కుళాయి మరమ్మతూ సంస్థదే. పదవీ విరమణ నాడు పూలదండతో పాటు క్వార్టరు ఖాళీ చేయవలసిన గడువు కూడా చేతికి వస్తుందన్న సంగతి ఏబదవ పడి దగ్గర పడినప్పుడు గాని గుర్తుకు రాదు. 2015లో విశాఖపట్నం నుండి కోల్‌కతా కార్యాలయానికి బదిలీ అయినప్పుడు మేము సరిగ్గా ఆ దశలో ఉన్నాము. అమ్మాయి చదువు అక్కడే సాగుతున్నది. భవిష్యనిధిలో కొంత సొమ్ము ఉన్నది. దానితో ఒక పాత ఇల్లు కొని, మరమ్మతు చేయించి, ఒక అంతస్తు అద్దెకిచ్చి, విరమణ తరువాత ఉండాలో అమ్మాలో అప్పుడు చూసుకుందామన్నది మా ఆలోచన.

ఈ ఆలోచనకు ఆజ్యం పోసినది మధ్యాహ్న భోజన విరామమే. ఒక సహోద్యోగి కుమారుడు కాలిఫోర్నియాలో ఉంటున్నాడు. అక్కడ చనిపోయినవారి ఇళ్లు ‘ప్రొబేటు అమ్మకం’ పేరిట చౌకగా దొరుకుతాయని, తెలిసినవారు వాటినే వెదకి కొంటారని ఆయన చెప్పాడు. మాట అబద్ధం కాదు. అయితే అక్కడి పద్ధతి వేరు. కోర్టు ధ్రువీకరణ అవసరమైన అమ్మకాలలో, కుదిరిన ధర మదింపు విలువలో కనీసం 90 శాతం ఉండాలి. అమ్మకాన్ని ధ్రువీకరించే రోజున కోర్టులోనే మరొకరు లేచి ఎక్కువ పాట పాడవచ్చు. ఆ తొలి హెచ్చుపాట మొదటి పదివేల డాలర్లపై 10 శాతం, మిగిలినదానిపై 5 శాతం అధికంగా ఉండాలని అక్కడి చట్టం. పైగా హక్కులో లోపం బయటపడితే పరిహారమిచ్చే బీమా సంస్థలు అక్కడ ఉన్నాయి. మన దేశంలో వీలునామా నిర్వాహకుడు, అనగా ఎగ్జిక్యూటరు, ప్రొబేటు చేతికి వచ్చిన తరువాత సాధారణంగా తానే బేరమాడి అమ్ముకుంటాడు. హక్కు మంచిచెడ్డలు చూసుకోవలసినది కొనేవాడే. ఈ తేడా మాకు అప్పుడు తట్టలేదు.

2017 ఫాల్గుణ మాసంలో ఒక దళారి మమ్మల్ని భవానీపూర్ తీసుకువెళ్లాడు. హరీశ్ ముఖర్జీ రోడ్డు నుండి లోపలికి పోయే సందులో రెండంతస్తుల ఇల్లు. స్థలం రెండున్నర కాఠాలు. ఒక కాఠా 720 చదరపు అడుగులు, అంటే మన లెక్కలో 80 గజాలు. మొత్తం 200 గజాలన్న మాట. వీధివైపు అరుగు, ఆకుపచ్చ చెక్కరెక్కల కిటికీలు, లోపల చిన్న ముంగిలి, దాని మూలన బావి. పైకప్పు దూలాలపై వాసాలు పరచి, ఇటుక, సున్నంతో గట్టిచేసిన పాతకాలపు మిద్దె; మన వైపు మద్రాసు మిద్దె అంటామే, దానికి తోబుట్టువు. ఇంజనీరింగ్ చదువు ఊరకుండనిస్తుందా! దూలాల చివరలు గోడలో చివికాయేమోనని పొడిచి చూశాము. పగుళ్ల వెడల్పు కొలిచాము. పునాది కుంగిన జాడ లేదని తేల్చుకున్నాము. ధర ఆ వీధిలో నడుస్తున్నదానికంటె మూడో వంతు తక్కువ. “ఎందుకింత తక్కువ?” అని అడిగాము. “యజమాని పోయారు. వారసులు బెంగళూరులో ఉన్నారు, వారికి తొందర. ప్రొబేటు కూడా అయిపోయింది, కాగితాలన్నీ శుభ్రం” అన్నాడు దళారి. ఆలీపూర్ జిల్లా జడ్జి కోర్టు ముద్ర ఉన్న మొదటి పుట జిరాక్సు చూపించాడు. ముద్రను చూసి మురిసి రెండు లక్షల రూపాయలు బయానా ఇచ్చాము.

మరునాడు మా సంస్థ న్యాయ విభాగంలో పనిచేసే బెంగాలీ మిత్రునికి ఈ శుభవార్త చెప్పాము. ఆయన మిఠాయి అడగలేదు. “వీలునామా చదివారా?” అని అడిగాడు. ప్రొబేటు చూశామన్నాము. “ప్రొబేటు కాదు దాదా, వీలునామా. ప్రొబేటుకు దాని నకలు జతచేసి ఉంటుంది. మీకు చూపించినది అట్ట మాత్రమే” అన్నాడు.

అసలు ఈ ప్రొబేటు అనేది ఏమిటో మన వైపు వారిలో చాలామందికి తెలియదు. దానికి కారణం ఉన్నది. ఒక వ్యక్తి వ్రాసిన వీలునామా నిజమైనదని, స్వస్థచిత్తంతో వ్రాసి సాక్షుల ఎదుట సంతకం చేసినదని న్యాయస్థానం విచారించి, తన ముద్రతో ఎగ్జిక్యూటరుకు ఇచ్చే పత్రమే ప్రొబేటు. 1870 నాటి హిందూ వీలునామాల చట్టం, తదుపరి 1925 నాటి భారత వారసత్వ చట్టం దీనిని అన్ని ప్రాంతాలకూ ఒకే తీరుగా విధించలేదు. నాటి బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నరు ఏలుబడిలోని ప్రాంతాలలోను, మద్రాసు, బొంబాయి హైకోర్టుల అసలు అధికార పరిధి గల ఆ రెండు నగరాలలోను హిందువులు వ్రాసిన వీలునామాలకు, అక్కడి స్థిరాస్తులకు సంబంధించిన వాటికి ప్రొబేటు లేనిదే కోర్టులో హక్కు నిరూపించుకునే వీలు లేకుండెను. మన సర్కారు జిల్లాలు మద్రాసు రాజధానిలో భాగమైనా, నగరపు పొలిమేర దాటి ఆ నియమం మన వరకు రాలేదు. అందుచేత మన ఊళ్లలో వీలునామా పెట్టెలోంచి నేరుగా రెవెన్యూ కచేరీకి పోతే, బెంగాల్‌లో మొదట కోర్టు మెట్లు ఎక్కవలసి వచ్చేది.

బెంగాలీలకు వీలునామాపై మక్కువ ఎక్కువ కావడానికి ఇంకొక పాత కారణమున్నది. మన పూర్వులు అనుసరించినది విజ్ఞానేశ్వరుని మితాక్షర. దానిని పదమూడవ శతాబ్దిలోనే కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ పేరిట తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. ఆ మతం ప్రకారం పిత్రార్జితంలో కొడుక్కి పుట్టుకతోనే వాటా ఏర్పడుతుంది. తండ్రి దానిని తన చిత్తం వచ్చినట్లు వ్రాసి ఇవ్వడానికి లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుండి, దేశమంతటా 2005 నుండి ఈ వాటా కుమార్తెలకూ వచ్చింది. బెంగాల్ అనుసరించినది జీమూతవాహనుని దాయభాగం. అందులో తండ్రి బ్రతికున్నంతకాలం ఆస్తికి ఆయనే సంపూర్ణ యజమాని. కొడుకులకు పుట్టుక హక్కు లేదు. ఎవరికైనా వ్రాయగల స్వాతంత్ర్యం ఉన్నచోట వీలునామాలు వృద్ధి చెందడం, వాటితో పాటు వ్యాజ్యాలు వృద్ధి చెందడం సహజమే కదా.

కలకత్తా హైకోర్టు 1862లో ఏర్పడినది. దాని చరిత్రలో వీలునామా కథలకు కొదవ లేదు. ప్రసిద్ధ న్యాయవాది ప్రసన్నకుమార్ ఠాగూర్ 1868లో మరణించారు. క్రైస్తవం స్వీకరించిన కుమారుడు జ్ఞానేంద్రమోహన్‌కు ఆస్తి దక్కకుండా, సోదరుని కుమారుడు జతీంద్రమోహన్‌కు, ఆపైన ఇంకా పుట్టని మగ సంతతికి వరుసగా చెందేటట్లు ఆయన వీలునామా వ్రాశారు. వ్యాజ్యం లండన్‌లోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయింది. పుట్టనివారికి అలా వ్రాయడం చెల్లదని, జతీంద్రమోహన్‌కు జీవితకాల హక్కు మాత్రమే ఉంటుందని, ఆ తరువాత ఆస్తి చట్టరీత్యా వారసునికే పోవాలని 1872లో తీర్పు వచ్చింది. కలకత్తా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రోపన్యాసాలకు నిధి ఇచ్చినది ఆ ప్రసన్నకుమారుడే. అంతటి న్యాయకోవిదుని వీలునామాయే అనుకున్నట్లు నిలువలేదు. ఇటీవలి కాలంలో, 2004 జూలైలో ప్రియంవదా బిర్లా మరణించిన పిదప ఆమె వీలునామాపై హైకోర్టులో మొదలైన వివాదం రెండు దశాబ్దాల పాటు నడిచింది. కోటీశ్వరుల సంగతి అలా ఉంటే, భవిష్యనిధి సొమ్ముతో దిగిన మావంటి వారి సంగతి చెప్పనేల?

మా మిత్రుడు మాకు ఒక చిన్న పాఠం చెప్పాడు. మనం ఒక యంత్రాన్ని స్వీకరించే ముందు తనిఖీ పట్టిక దగ్గర పెట్టుకుని ఒక్కొక్క అంశం చూస్తాము కదా, అటువంటిదే ఇది. చదువరుల సౌకర్యం కోసం దానిని ఇక్కడ పొందుపరుస్తున్నాము.

మొదటిది: ప్రొబేటు వీలునామా నిజమైనదని మాత్రమే చెబుతుంది. ఇల్లు చనిపోయిన వ్యక్తిదేనని చెప్పదు. హక్కు నిర్ణయం ప్రొబేటు కోర్టు పని కాదని మన ఉన్నత న్యాయస్థానాలు పలుమార్లు స్పష్టం చేశాయి. ఇతరుల ఇంటిని నా ఇల్లని వ్రాసిన వీలునామాకు కూడా ప్రొబేటు రావచ్చు. కనుక లింకు దస్తావేజులు కనీసం ముప్పై ఏండ్ల వెనుక వరకు రిజిస్ట్రేషన్ కార్యాలయంలో వెదికించాలి.

రెండవది: అమ్మేవాడు ఎవరు? వీలునామాలో పేరున్న ఎగ్జిక్యూటరా, లేక కోర్టు నియమించిన అడ్మినిస్ట్రేటరా? అడ్మినిస్ట్రేటరు స్థిరాస్తిని అమ్మాలంటే కోర్టు ముందస్తు అనుమతి తప్పనిసరి. ఎగ్జిక్యూటరుకు స్వేచ్ఛ ఎక్కువ. కాని వీలునామాలోనే ఆంక్ష ఉంటే, ఆ ఆంక్షను పక్కనపెట్టి అమ్మడానికి కోర్టు లిఖితపూర్వకంగా అనుమతించాలి. దీనికి భిన్నంగా జరిగిన అమ్మకాన్ని ఆస్తిలో ఆసక్తి గల ఎవరైనా రద్దు చేయించవచ్చు. ఇది 307వ సెక్షను.

మూడవది: ప్రొబేటు వచ్చిన తరువాత కూడా దానిని రద్దు చేయమని అర్జీ పెట్టుకునే వీలు 263వ సెక్షనులో ఉన్నది. వారసులలో ఎవరికైనా నోటీసు అందలేదా, ఎవరైనా ముందుగా అభ్యంతరం దాఖలు చేశారా అన్నది కోర్టు దస్త్రంలో చూడాలి.

నాలుగవది: నేల స్వభావం. కోల్‌కతాలో ‘ఠీకా’ భూములని ఉన్నాయి. ఒకరి నేలపై మరొకరు కట్టుకున్న ఇళ్లవి. 1981 నాటి చట్టంతో ఆ నేల 1982 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వపరమైనది. అక్కడ నేలను అమ్మే హక్కు ఏ వీలునామా ద్వారానూ సంక్రమించదు. అలాగే ‘దేవోత్తర’ ఆస్తులు. ఇంటి దేవుని పేర వ్రాసిన ఆ ఇళ్లకు కుటుంబీకులు సేవాయతులే గాని యజమానులు కారు. ఠాకుర్ గది ఉన్న ప్రతి ఇంటిలోనూ ఈ ప్రశ్న అడగడం మంచిది.

ఐదవది: వాటా. వీలునామా వ్రాసిన వ్యక్తికి ఇంటిలో సగమే ఉంటే, కొన్నవానికి వచ్చేదీ సగమే. అవిభక్త కుటుంబపు నివాస గృహంలో వాటా కొన్న బయటి వ్యక్తికి తక్కినవారితో కలిసి ఉండే హక్కు లేదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షను చెబుతున్నది. అతడు పంపకానికి దావా వేస్తే, ఆ వాటాను తామే కొనుక్కుంటామని ఇంటివారు కోరవచ్చని 1893 నాటి పంపకాల చట్టంలో ఉన్నది.

ఆరవది, మా కథకు ముఖ్యమైనది: ఇంట్లో ఎవరున్నారు? నామమాత్రపు అద్దెతో తరాలుగా ఉంటున్న కిరాయిదారులా? నగరపాలక సంస్థకు పన్ను బకాయి ఎంత? గోడలు కొలిచే ముందు మనుషులను లెక్కపెట్టాలి.

ఈ ఆరింటిలో ఐదు మా ఇంటికి సరిపోయాయి. దస్తావేజులు శుభ్రం, నేల ఠీకా కాదు, దేవోత్తరమూ కాదు, యజమాని ఒక్కరే. ఆరవదాని కోసం వీలునామా పూర్తి నకలు తెప్పించాము. అది బెంగాలీలో ఉన్నది. ఒక శనివారం సాయంత్రం మిత్రుడు మా ఇంట కూర్చుని, మా శ్రీమతి ఇచ్చిన పెసరట్టు తింటూ ఒక్కొక్క పంక్తి చదివి అర్థం చెప్పాడు. ఏడవ పేరా దగ్గర ఆగాడు. పళ్లెం పక్కన పెట్టి, మరొకసారి చదివాడు. చనిపోయిన ఆయన తన ఇంటిని ఇద్దరు కుమారులకు వ్రాశాడు. అయితే క్రింది అంతస్తులోని రెండు గదులు, బావి దగ్గర వాడుక వితంతువైన తన అక్కగారికి బ్రతికున్నంతకాలం ఉండాలని, ఆమె జీవితకాలంలో ఇల్లు అమ్మరాదని వ్రాశాడు.

మేము ఇల్లు చూడడానికి వెళ్లిన రోజున క్రింది గదులకు తలుపు వేసి ఉన్నది. “సామాను గది” అని దళారి చెప్పిన మాట అప్పుడు గుర్తుకు వచ్చింది.

మరునాడు ఆదివారం మేము దళారికి చెప్పకుండా ఆ ఇంటికి వెళ్లాము. తలుపు తెరచుకునే ఉన్నది. తెల్ల చీర కట్టుకున్న ఎనభై రెండేండ్ల ముసలమ్మ ముంగిట తులసి కోట దగ్గర ఆకులు ఏరుతున్నది. వీధి వారందరూ ఆమెను ‘పిషీమా’ అని పిలుస్తారట. పిషీమా అంటే మేనత్త. మన ఇళ్లలో మేనత్త లేని శుభకార్యం ఉంటుందా? పేరు తెలియకపోయినా ఆ పిలుపు వినగానే మా శ్రీమతి ముందుకు వెళ్లి నమస్కరించింది.

“నువ్వేనా బాబూ, ఇల్లు కొంటున్నది?” అని అడిగింది ఆమె. కోపంతో కాదు. కరెంటు మీటరు చూడడానికి వచ్చినది నువ్వేనా అన్నట్లు అడిగింది.

ఏమి చెప్పాలో తోచక, చూడడానికి వచ్చామన్నాము. ఎక్కడి వారమని అడిగింది. విశాఖపట్నం అంటే తెలియలేదు. వాల్తేరు అనగానే ముఖం విప్పారింది. “మా తమ్ముడు నన్ను ఒకసారి వాల్తేరు తీసుకువెళ్లాడు. సముద్రం, కొండ పక్కపక్కనే కదా” అని, గదిలోకి వెళ్లి గూటిలోంచి ఒక శంఖం తెచ్చి చూపించింది. ఇరవై ఆరో ఏట భర్త పోయి పుట్టింటికి వచ్చిందట. తమ్ముని భార్య చిన్న వయసులోనే కన్నుమూస్తే ఇద్దరు పిల్లలనూ తానే పెంచిందట. ఇప్పుడు ఇల్లు అమ్ముతున్న ఎగ్జిక్యూటరు ఆ పెద్దవాడే. “వాళ్లు మంచివాళ్లే. అక్కడ వృద్ధాశ్రమం చూశామన్నారు. చాలా శుభ్రంగా ఉంటుందట” అన్నది. వీలునామాలో తన పేరు ఉన్న సంగతి ఆమెకు తెలుసునో లేదో మాకు అర్థం కాలేదు. ప్రొబేటు నోటీసు ఇచ్చినప్పుడు ఎక్కడో సంతకం పెట్టించారని మాత్రం చెప్పింది.

తిరుగుదారిలో ట్రాములో మేము మాట్లాడుకోలేదు. ఇంటికి చేరిన తరువాత లెక్క వేశాము. చట్టప్రకారం ఆ అమ్మకం నిలువదు. కోర్టు అనుమతి లేకుండా కొంటే, రేపు ఆమె తరఫున ఎవరు వచ్చినా రద్దు కావచ్చు. ఇక దళారికి ఈ విషయం చెబితే అతని వద్ద మరొక దారి సిద్ధంగా ఉన్నది. ఆమె హక్కు అలాగే ఉంచి, ఇప్పుడు అగ్రిమెంటు మాత్రం వ్రాసుకొని, రిజిస్ట్రేషను ‘తరువాత’ చేసుకోవచ్చునట. “ఎనభై రెండేళ్లు సార్. గుండె జబ్బు కూడా ఉంది. రెండేళ్లు, మహా అయితే మూడు. అప్పటికి ధర రెట్టింపు” అన్నాడు.

అతడు క్రూరుడేమీ కాదు. వృత్తి అటువంటిది. అతని లెక్కలో తప్పూ లేదు. మేము అడిగిన “ఎందుకింత తక్కువ?” అన్న ప్రశ్నకు అసలు జవాబు అప్పుడు దొరికింది. ఆ మూడో వంతు తగ్గింపు పిషీమా మిగిలిన ఆయుర్దాయం విలువ. మా శ్రీమతి ఒక్క మాటే అన్నది: “ఆ ఇల్లు మనదైతే, రోజూ పొద్దున లేచి ఆవిడ ఇంకా ఉన్నదా అని చూస్తాం. ఆ బ్రతుకు మనకు వద్దు.”

నిజం చెప్పాలంటే, ఆ రాత్రి మాలో ఒకరికి ఇంకా ఆశ చావలేదు. ఆ ఒకరు ఎవరో చదువరులు ఊహించగలరు. మేము వెళ్లగొట్టడం లేదు కదా, ఆమె హక్కు ఆమెకు ఉంటుంది కదా, ఎవరికి నష్టం అని కాగితం మీద వ్రాసుకున్నాము. కాగితం మీద అన్నీ సరిపోయాయి. కాని ఎదురుచూపునే పెట్టుబడిగా పెట్టే బేరంలో ఎదురుచూసేది దేని కోసమో ఆ కాగితంలో వ్రాయలేకపోయాము. తెల్లవారిన తరువాత కొనుగోలు విరమించుకున్నామని తెలియజేశాము. బయానాలో లక్షన్నర ఏడు నెలలు తిరిగిన తరువాత చేతికి వచ్చింది. తక్కినది పాఠం చెప్పించుకున్న రుసుముగా భావించాము. మేము చేసిన ఇంకొక పని ఉన్నది. వీలునామా ఏడవ పేరాను మా మిత్రుని చేత ఒక తెల్లకాగితంపై పెద్ద అక్షరాలలో బెంగాలీలోనే వ్రాయించి, విజయదశమి తరువాత మిఠాయిలతో వెళ్లినప్పుడు పిషీమా చేతిలో పెట్టాము. ఆమె కళ్లజోడు తగిలించుకుని రెండుసార్లు చదివింది. “నా తమ్ముడు వ్రాశాడా?” అన్నది. శంఖం ఉన్న గూటిలోనే ఆ కాగితాన్నీ పెట్టింది. ఆ తరువాత వృద్ధాశ్రమం ప్రస్తావన రాలేదని వీధి వారు చెప్పారు.

ఆమె 2021లో ఆ గదిలోనే కన్నుమూసింది. నాలుగేండ్లు, దళారి లెక్కకు ఒక్కటే ఎక్కువ. తరువాత ఆ ఇల్లు ఒక నిర్మాణదారునికి పోయింది. ఇప్పుడు అక్కడ ఐదంతస్తుల భవనం ఉన్నది. మేము కొని ఉంటే ఎంత లాభం వచ్చేదో మిత్రులు నేటికీ లెక్క చెబుతూ ఉంటారు. ఆ లెక్కను మేము కాదనము.

ఇక ఒక ముఖ్యమైన మార్పును చదువరుల దృష్టికి తేవలసి ఉన్నది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన రద్దు, సవరణ చట్టంతో భారత వారసత్వ చట్టంలోని 213వ సెక్షను తొలగిపోయింది. ప్రొబేటు తప్పనిసరి చేసిన సెక్షను అదే. బెంగాల్ వారికి, చెన్నై, ముంబయి వారికి ఉండిన ప్రత్యేక నిర్బంధం పోయి, మన తెలుగువారితో సమానమయ్యారు. కోరుకున్నవారు ప్రొబేటు తీసుకునే ఏర్పాటు మాత్రం అలాగే ఉన్నది. వారసులకు ఇది ఊరట. కొనేవారికి మాత్రం బాధ్యత పెరిగినట్లే. ఇంతకు పూర్వం కనీసం ఒక న్యాయమూర్తి వీలునామాను చూసి, దగ్గరి బంధువులకు నోటీసులు పంపించేవారు. ఇకమీదట ప్రొబేటు లేని వీలునామాతో ఇల్లు అమ్మకానికి వస్తే, ఆ విచారణ అంతా కొనేవాడే చేసుకోవాలి. సాక్షులు బ్రతికి ఉన్నారా, అందరు వారసులూ ఒప్పుకుంటూ సంతకాలు చేస్తారా అని అడగాలి. అనుమానం ఉంటే ప్రొబేటు తెచ్చిన తరువాతనే మాట్లాడుదామనడం ఉత్తమం.

పరుల వీలునామా చదివిన ఆ శనివారం రాత్రి మాకు మరొక సంగతి తట్టింది. మేము వీలునామా వ్రాయలేదు. భవిష్యనిధికి, బీమాకు, బ్యాంకు ఖాతాకు నామినేషను ఇచ్చాము కదా, చాలుననుకున్నాము. మన సంస్థలో నూటికి తొంబది మంది ఇలాగే అనుకుంటున్నారని మా అనుమానం. సాధారణంగా నామినీ అంటే సొమ్మును అందుకునే వ్యక్తి. అంతమాత్రాన దానికి యజమాని కావాలని లేదు. పశ్చిమ బెంగాల్‌లోని ఒక సహకార గృహ సంఘపు ఫ్లాటు వివాదంలో 2016లో సుప్రీంకోర్టు చెప్పినదీ ఇటువంటిదే. సంఘం తన పుస్తకాలలో నామినీ పేరే ఎక్కించాలి; అయినా తక్కిన వారసులు తమ హక్కు కోసం వేరుగా వ్యాజ్యం వేసుకోవచ్చునన్నది.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కరలేదు. రిజిస్ట్రేషను ఐచ్ఛికం, చేయిస్తే మంచిది. కావలసినవి తెల్లకాగితం, స్పష్టమైన మాటలు, తేదీ, సంతకం, ఆ సంతకాన్ని చూసి తామూ సంతకం చేసే ఇద్దరు సాక్షులు. సాక్షులు మనకంటె వయసులో చిన్నవారైతే మేలు. ఆస్తిలో లాభం పొందేవారు కాకుండా ఉండడం మరీ మేలు. ఎగ్జిక్యూటరుగా ఎవరిని పెట్టాలన్నది బాగా ఆలోచించవలసిన అంశం. ఒక ఇంటిలో ఒకరికి నివాస హక్కు ఇచ్చినప్పుడు, ఆ సంగతి ఆ వ్యక్తికి మనమే స్వయంగా చెప్పి, నకలు ఒకటి ఆమె చేతికి ఇవ్వాలి. పిషీమా తమ్ముడు అంత ప్రేమతో వ్రాసి, ఆ ఒక్క పని మరచిపోయాడు.

2019లో మేము విశాఖపట్నంలో ఒక చిన్న ఫ్లాటు కొన్నాము. ధర మార్కెట్టు ధరే, తగ్గింపు ఏమీ లేదు. అదే సంవత్సరం ఇద్దరమూ వేరువేరుగా వీలునామాలు వ్రాసుకున్నాము. ఇద్దరిలో ఎవరు మిగిలితే వారు బ్రతికున్నంతకాలం ఆ ఇంటిలో ఉండాలని, తదుపరి అమ్మాయికి చెందాలని వ్రాశాము. సాక్షుల సంతకాలైన రోజున అమ్మాయిని కూర్చోబెట్టి ఆసాంతం చదివి వినిపించాము. “ఇప్పుడెందుకు నాన్నా ఇవన్నీ” అని విసుక్కున్నది. విసుక్కున్నా ఫరవాలేదు, విన్నది.

సహోద్యోగులారా, వచ్చే ఆదివారం ఒక గంట తీరిక చేసుకోండి. మీ నామినేషను పత్రాలు బయటకు తీయండి. ఒక తెల్లకాగితం దగ్గర పెట్టుకోండి. మీ ఇంట్లో మేనత్త ఉంటే, ఆమె పేరు మరచిపోవద్దు.